ఎల్క్ (అమెరికా పెద్ద జింక) వేటకి ఏ కార్ట్రిడ్జ్ (తూటా)? బావ 300 విన్ మాగ్ అంటున్నాడు

బెళ్లందూరు_బాబు:
అన్నలూ, నేనుండేది బెంగళూరులో, కంపెనీ ఎల్-1 వీసా మీద అమెరికాలో కొలరాడోలోని డెన్వర్ పంపిస్తోంది. అక్కడ మా బావ ఏటా అక్టోబర్లో ఎల్క్ వేటకి పోతాడు, ఈసారి నన్నూ రమ్మంటున్నాడు. (ఇక్కడ 1972 చట్టం ప్రకారం వేట నేరమని తెలుసు, దయచేసి క్లాసు పీకొద్దు, అడిగేది అక్కడి సంగతి.) మగ ఎల్క్ మూడొందల కేజీల పైనే ఉంటుంది, 300 విన్‌చెస్టర్ మాగ్నం (విన్ మాగ్) అనే పెద్ద తూటా లేకుండా కొండెక్కొద్దు అంటాడు బావ, ఆఫీసులో ఒకాయనేమో అంతకంటే చిన్న తూటా, 6.5 క్రీడ్‌మోర్ చాలంటాడు. నేను కాల్చినవి క్లబ్బులో ఎయిర్ రైఫిలు, పాయింట్ టూటూ (చిన్న .22 రైఫిలు) అంతే. ఏది కొనమంటారు?

కడప_రాయుడు:
థర్టీ ఆట్ సిక్స్ (.30-06) రైఫిలు కొనుక్కో బ్రో, 1906 నాటి తూటా, ఇప్పటికీ అమెరికాలో ఏ చిన్న ఊరి షాపులోనైనా దొరుకుతుంది. 180 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ సెకనుకి 2700 అడుగుల స్పీడుతో పోతుంది, విన్ మాగ్ అదే బుల్లెట్‌ని 2950 దాకా తోస్తుంది, ఎల్క్‌కి ఆ తేడా తెలీదు కానీ నీ భుజానికి తెలుస్తుంది, గేదె తన్నినట్టే ఉంటుంది. పాయింట్ టూటూ అలవాటున్నోడు మాగ్నం పట్టుకుంటే నాలుగో రౌండుకే ట్రిగ్గర్ నొక్కేముందు కళ్లు మూసేస్తాడు, అప్పుడు గుండెకి గురిపెట్టింది పొట్టలో తగిలి జంతువు ఎక్కడికో పారిపోయి నరకం అనుభవించి చస్తుంది. కొలరాడో రూలు కూడా ఎల్క్‌కి అడిగేది పాయింట్ 24 క్యాలిబర్, 85 గ్రెయిన్ బుల్లెట్, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్‌పౌండ్ల దెబ్బ శక్తి, అంతే.

చెన్నై_చిన్నోడు:
రాయుడన్న చెప్పింది కరెక్టే గానీ అందరూ తూటా పేరు పట్టుకుని కొట్టుకుంటారు, తూటా ముందుండి, ఎగిరిపోయి జంతువు లోపలికి దిగేది బుల్లెట్ కదా. 1946లో జాన్ నాజ్లర్ అనే ఆయన 300 హెచ్ అండ్ హెచ్ మాగ్నం అనే పెద్ద తూటాతో కెనడాలో మూస్‌ని (ఎల్క్ కంటే పెద్ద జింక జాతి) కాలిస్తే అది పడలేదు, ఒంటికి ఎండిన బురద, దానికి తగలగానే బుల్లెట్లు పగిలిపోయి లోపలికి దిగలేదు. ఆ కసితోనే మధ్యలో అడ్డుగోడ పెట్టి పార్టిషన్ బుల్లెట్ తయారు చేశాడు, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం దూసుకుపోతుంది. అలాంటిదో, పూర్తి రాగి బుల్లెటో వేస్తే 6.5తో కూడా రెండొందల యాభై గజాల లోపు ఎల్క్ పడుతుంది, పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక కొట్టాలి. అంతకంటే దూరమైతే కాల్చకు.

వైట్‌ఫీల్డ్_మామ:
తూటా సంగతి తర్వాత బాబూ, ముందు తుపాకి ముట్టుకోవచ్చో లేదో చూసుకో. ఎల్-1, హెచ్-1 లాంటి వీసా మీదున్నోళ్లు తుపాకి దగ్గర పెట్టుకోవడమే అక్కడ ఫెడరల్ నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినోళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయందే ఆ లైసెన్సివ్వరు. కోర్సు, లైసెన్సు, ఆ తర్వాతే షాపు. అప్పటిదాకా బావ తుపాకి కూడా చేత్తో పట్టుకోకు.

బెళ్లందూరు_బాబు:
అమ్మో, ఈ ముక్క బావ చెప్పనే లేదు మామా! కోర్సు చేసి థర్టీ ఆట్ సిక్సే తీసుకుంటా.

వైట్‌ఫీల్డ్_మామ:
సెలవుకి ఇంటికొచ్చేటప్పుడు గుర్తుగా ఖాళీ తూటా కూడా బ్యాగులో వేసుకు రాకు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే ఆర్మ్స్ యాక్ట్ కేసు, బావ వచ్చి విడిపించడు.