రెండో తరగతి పిల్లలతో చలికాలం బొమ్మ: మంచు మనిషి కాకుండా ఇంకేం చేయించొచ్చు?

హన్మకొండ టీచర్:
అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల లోపు మా రెండో తరగతి పిల్లలతో చలికాలం మీద బొమ్మలు వేయించి గోడకు పెట్టాలి. ఎక్కడ వెతికినా మంచు మనిషి, లేదంటే దూది అతికించిన క్రిస్మస్ చెట్టు. మా పిల్లలు మంకీ క్యాప్ పెట్టుకుని పొగమంచులో ఆటో దిగుతారు, చలిమంట చూస్తారు, ఊరి నుంచి వచ్చేవాళ్లయితే పత్తి ఏరడం కూడా చూస్తారు. వాళ్లు చూసిన చలికాలమే కాగితం మీదికి రావాలని నాకు గట్టిగా ఉంది. రెండు పీరియడ్లే దొరుకుతాయి, తల్లిదండ్రులతో ఖర్చు పెట్టించొద్దు. పొగమంచు ఏడేళ్ల పిల్లలతో ఎట్లా వేయించాలి?

బొమ్మల అక్క:
మేడం, పొగమంచుకు రంగు కలపక్కర్లేదు, ట్రేసింగ్ పేపర్ చాలు. ముందు డ్రాయింగ్ షీట్ మీద దూరంగా కనిపించేవి క్రేయాన్‌తో ముదురుగా వేయించండి: తాటిచెట్లు, చెరువు కట్ట, ఖిలా వరంగల్ తోరణం, వాళ్లిష్టం. దాని మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, దగ్గరివి ఆ పై కాగితం మీద వేయాలి, అంటే టోపీ పెట్టుకున్న పిల్లగాడు, ఆటో, చలిమంట. కింద ఉన్న తోరణం మసకబారి వెనక్కి పోతుంది, పిల్లగాడు ముందుకొస్తాడు. దూరం పోయేకొద్దీ మధ్యలో మంచు ఎక్కువ కాబట్టే మసకగా కనిపిస్తుందని వేరే పాఠం చెప్పే పనే ఉండదు.

నర్సంపేట నాన్న:
ధనుర్మాసం కదా, ముగ్గు కూడా పెట్టించండి. తెల్ల కాగితం మీద తెల్ల క్రేయాన్‌తో గట్టిగా ఒత్తి చుక్కల ముగ్గు వేసి, పైనుంచి నీళ్లెక్కువ కలిపిన నీలం రంగు పూస్తే మైనం ఉన్నచోట రంగు అంటదు, ముగ్గు బయటికొస్తుంది. తెలుపు మీద తెలుపు వేస్తుంటే ఎక్కడిదాకా వచ్చారో పిల్లలకు కనిపించదు, కాగితాన్ని కిటికీ వైపు కొంచెం వంచి చూడమనండి, మైనం మెరుస్తుంది. పోస్టర్ కలర్ చిక్కగా పూస్తే మాత్రం ముగ్గు మూసుకుపోతుంది.

కాజీపేట నుంచి:
మంచును పూర్తిగా పక్కన పెట్టకండి మేడం, చూడని దాని మీద పిల్లలకు మస్తు ఆశ ఉంటుంది. కాశ్మీర్, లడఖ్ మన దేశంలోనివే కదా. వాటర్ కలర్ పూసి, కాగితం ఇంకా తడితో మెరుస్తుండగానే దొడ్డు ఉప్పు చల్లించండి. ఉప్పు నీటిని పీల్చుకున్నచోట రంగు పలచబడి తెల్లటి పువ్వుల్లా మచ్చలు పడతాయి. తడి ఆరిపోయాక చల్లితే ఏమీ రాదు. పూర్తిగా ఎండాక దులిపేయాలి.

హన్మకొండ టీచర్:
చాలా థాంక్స్ అండి. ట్రేసింగ్ పేపర్‌దే చేయిస్తాను, ఉప్పుది సెలవుల తర్వాత. అక్కా, గమ్ పెడితే ట్రేసింగ్ పేపర్ ముడతలు పడదా?

బొమ్మల అక్క:
తడి గమ్ అయితే పడుతుంది. గ్లూ స్టిక్‌తో పై అంచు ఒక్కటే అతికించండి, అప్పుడు పిల్లలు కాగితం ఎత్తితే ఎండొచ్చినట్టు తోరణం తేటగా కనిపిస్తుంది, మళ్లీ మళ్లీ ఎత్తుతారు చూడండి. ఒక పెద్ద షీట్ కొని ముక్కలు కోస్తే చాలామందికి సరిపోతుంది. స్కెచ్ పెన్నులు ఇవ్వకండి, ఆ కాగితం మీద తొందరగా ఆరక చేతికంటి అలుక్కుపోతాయి.