రెండు రూపాయల వడ్డీకి అప్పు ఉండగా నెలనెలా ఆర్డీ కట్టడం తెలివైన పనేనా?

విజయనగరం లెక్కలు

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా మా ఇంట్లో తెగని వాదన ఒకటి మీ ముందు పెడుతున్నాను. నేను విజయనగరంలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. జీతం 22 వేలు. ఏడాది కింద మా నాన్నగారు పోయారు. ఆయన కార్యక్రమాలకి, ఆ వెంటనే కారుతున్న ఇంటి కప్పుకి కలిపి తెలిసినాయన దగ్గర ప్రోనోటు రాసి 1,20,000 తెచ్చాను. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి 2,400 వడ్డీకే పోతోంది, అసలు కదల్లేదు. ఇంకోపక్క మా ఆవిడ తన పేరు మీద పోస్టాఫీసులో నెలకి 2 వేలు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్, నెలనెలా కట్టే పొదుపు) కడుతోంది. 26 నెలలు కట్టింది. అంటే 52 వేలు అక్కడ ఉన్నాయి.

ఆ ఆర్డీ తీసేసి అప్పులో కట్టేద్దాం అని నేను. అప్పు మెల్లగా తీరుతుంది, ఆర్డీ జోలికి రావద్దని తను. మొన్న మాటా మాటా పెరిగి రెండు రోజులు మాట్లాడుకోలేదు. మొహమాటం లేకుండా చెప్పండి, ఎవరిది తప్పు?

రాజాం మాస్టారు

లెక్క మీ వైపే ఉందండి. నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆర్డీ ఇచ్చేది 6.7. ఈ నెల కట్టే 2 వేలు అప్పులో వేస్తే వచ్చే నెల నుంచి 40 రూపాయల వడ్డీ తగ్గుతుంది. ఆర్డీలో వేస్తే 11 రూపాయలు వస్తాయి. 29 రూపాయలే కదా అనుకోకండి. మొత్తం 52 వేల మీద చూడండి: అప్పులో ఉంటే నెలకి 1,040 మిగిలేది, ఆర్డీ ఇస్తున్నది 290. ఎడమ చేత్తో 6.7కి దాచుకుంటూ కుడి చేత్తో 24 కట్టడం పొదుపు ఎలా అవుతుంది? అప్పున్న ఇంట్లో అప్పు తీర్చడమే అసలైన పొదుపు. మా ఇంట్లో నేను అదే చేశాను, నాలుగేళ్లలో గట్టెక్కాం.

ఉద్దానం ఆడపడుచు

మాస్టారి లెక్కలో తప్పు లేదు బాబూ. కానీ ఆ లెక్కలో తుపాను లేదు.

మాది వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ మా మీదుగానే తీరం దాటింది. వెలుతురొచ్చాక బయటికొచ్చి చూస్తే కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడి ఉన్నాయి. జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు, రోడ్డు లేదు. దానికి రెండు నెలల ముందే మావారు చేతిలో ఉన్న 40 వేలూ తీసుకెళ్లి పాత బాకీలో కట్టేశారు. వడ్డీ తగ్గిందని ఆ రోజు సంతోషంగా అన్నం తిన్నాం. తుపాను తరవాత ఆ అప్పిచ్చినాయన దగ్గరికే మళ్లీ వెళ్తే ఆయన ఇంటి రేకులే ఎగిరిపోయి ఉన్నాయి, మాకేం ఇస్తాడు? చివరికి వేరే ఊరి నుంచి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చాం. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఐదారేళ్లు ఆగాలి. వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి.

అప్పులో కట్టిన డబ్బు మళ్లీ మన అవసరానికి తిరిగి రాదు. మీ ఆవిడ భయం అదే అయి ఉంటుంది.

రాజాం మాస్టారు

అమ్మా, మీరు పడ్డ కష్టం చదివి మనసు కలిచివేసింది. అయినా ఒక మాట అడగనివ్వండి. తుపాను వచ్చిన మర్నాడు ఆర్డీ డబ్బు మాత్రం చేతికి వస్తుందా? ఆపదకి దాచేది సేవింగ్స్ ఖాతాలో ఉండాలి, కొంత ఇంట్లో నగదుగా ఉండాలి. దానికి 10, 15 వేలు చాలు. మొత్తం 52 వేలు ఆపదకే అని ఎందుకు అట్టే పెట్టాలి? ఐదు రూపాయల వడ్డీ రేపు రావచ్చన్న భయంతో ఈరోజు రెండు రూపాయల వడ్డీ మోయడం నాకు సరిగా అనిపించడం లేదు.

శ్రీకాకుళం తపాలా (రిటైర్డ్)

వాదించుకునే ముందు అసలు సంగతి వినండి. ఆర్డీ తీసేద్దాం అంటున్నారు, ఇప్పుడు తీయడం కుదరదు. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది. మూడేళ్లు నిండాకే మధ్యలో మూసే వీలుంటుంది. అలా మూస్తే 6.7 రాదు, మామూలు సేవింగ్స్ ఖాతాకిచ్చే 4 శాతమే లెక్క కడతారు. గడువుకి ఒక్క రోజు ముందు మూసినా అంతే. మీది 26 నెలలే కాబట్టి ఇంకో పది నెలలు ఆ దారి లేదు.

కోపంతో వాయిదాలు ఆపకండి కూడా. తప్పిన ప్రతి నెలకీ నూటికి రూపాయి చొప్పున రుసుము పడుతుంది. వరసగా నాలుగు తప్పితే ఖాతా ఆగిపోతుంది, మళ్లీ బతికించుకోవడానికి రెండు నెలలే గడువు.

కానీ చాలామందికి తెలియని దారి ఒకటుంది. 12 వాయిదాలు కట్టి, ఖాతా ఏడాది నడిచాక, అందులో ఉన్న నిల్వలో సగం దాకా లోను ఇస్తారు. వడ్డీ ఆర్డీ రేటు కంటే 2 శాతం ఎక్కువ, అంటే మీకు 8.7. మీకు 26 వేలు వస్తాయి. ఆ 26 వేలకి బయట నెలకి 520 కడుతున్నారు. ఇక్కడ 190 లోపే. ఆర్డీ ఆర్డీలాగే నడుస్తుంది. వాయిదాల్లో తీర్చొచ్చు, ఒకేసారీ తీర్చొచ్చు. కాకపోతే సంతకం ఖాతాదారుది, అంటే మీ ఇంటావిడది. నేను కౌంటర్లో ఉన్నన్నాళ్లూ ఆర్డీ పాస్‌బుక్కు ఇంట్లో పెట్టుకుని బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవాళ్లని ఎంతమందిని చూశానో! చెప్పేవాళ్లు లేక.

మందస నుంచి, ఇప్పుడు చెన్నైలో

అన్నా, నేను సెంట్రింగ్ పని చేస్తాను. మాస్టారి లెక్క కాగితం మీద కరెక్టే. కానీ 15 వేలు సేవింగ్స్‌లో ఉంచితే ఆ 15 వేలు ఉంటాయా? సంక్రాంతికి ఊరొస్తానా, నా చేతిలో ఎంత ఉందో నాకంటే ముందు చుట్టాలకి తెలుస్తుంది. ఒకరికి పెళ్లి, ఒకరికి బోరు, ఒకరికి కాలేజీ ఫీజు. అందరివీ నిజమైన అవసరాలే, కాదనడానికి నోరు రాదు. ఇచ్చింది తిరిగి అడగడానికీ నోరు రాదు. ఆర్డీలో ఉంటే "కట్టేశాను మావయ్యా, మూడేళ్ల దాకా తీయనివ్వరు" అని నిజమే చెప్పొచ్చు. ఆ తాళం విలువ 6.7లో కనపడదు. వదిన ఎందుకు వద్దంటోందో కూర్చోబెట్టి అడిగావా?

ఒక్కటి మాత్రం చెప్తాను, చీటీ మాటెత్తొద్దు. మా మేస్త్రీ దగ్గర 20 మందిమి నెలకి 5 వేల చీటీ వేశాం. 13 నెలలు కట్టాక ఆయన ఫోను ఎత్తడం మానేశాడు. పాటలో తగ్గింది పోను నావి 55 వేల పైన పోయాయి.

బొబ్బిలి కిరాణా

తమ్ముడూ, నోటి మాట మీద నడిచే చీటీ వేరు, రిజిస్టరు చేసిన చీటీ వేరు. 1982 చట్టం ప్రకారం చీటీ నడిపేవాడు ముందే రిజిస్ట్రార్ దగ్గర పూచీ డిపాజిట్టు పెట్టాలి. నా కొట్టు అలాంటి చీటీ పాడి వచ్చిన డబ్బుతోనే పెట్టాను. అన్నిటినీ ఒకే గాటన కట్టకు. అయితే అప్పున్న మనిషి కొత్తగా చీటీలో దిగొద్దన్నది నా మాట కూడా.

విజయనగరం లెక్కలు

మందస తమ్ముడు అడిగిన ప్రశ్న నాకు గుచ్చుకుంది. ఇన్నాళ్లూ వద్దంటోందనే కోప్పడ్డాను తప్ప ఎందుకని అడగలేదు. నిన్న రాత్రి అడిగాను.

మూడేళ్ల కింద మా అత్తగారికి విశాఖలో ఆపరేషను అయింది. ఆరోగ్యశ్రీలో చేశారు, ఒక్క రూపాయి తీసుకోలేదు. మా ఆవిడ 11 రోజులు అక్కడే ఉంది. ఆటోలకి, తిండికి, తోడున్నవాళ్ల టీ టిఫిన్లకి, కార్డు కిందికి రాని మందులకి 14 వేలు అయిందట. నేను ఇచ్చింది 5 వేలు. మిగతాదానికి తన చెవిదిద్దులు తాకట్టు పెట్టింది. నాకు చెప్పలేదు. "మీ జీతం ఎంతో నాకు తెలుసు కదా, ఏం అడగను" అంది. ఏడు నెలలు ఇంటి ఖర్చులో పదీ పరకా మిగిల్చి విడిపించుకుంది. విడిపించుకున్న తరవాతి నెలే ఆర్డీ మొదలుపెట్టింది.

అన్ని రోజులు తన చెవులకి దిద్దులు లేవన్న సంగతి నేను గమనించలేదు. ఇది ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

రాజాం మాస్టారు

మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. ఆపదకి 15 వేలు చాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మిగతాదానికి ఇంకా ఒప్పుకోను. ఐదేళ్లు నిండితే ఆ ఆర్డీ 1,42,700 దాకా అవుతుంది, నిజమే. ఈలోపు 1,20,000 మీద అలాగే 2,400 కడుతూ పోతే మిగిలిన 34 నెలల్లో వడ్డీయే 81,600. రెండూ పక్కపక్కన రాసి ఆవిడకి చూపించండి. భయాన్ని కొట్టెయ్యమనడం లేదు, పోస్టాఫీసు పెద్దాయన చెప్పిన లోను తీసుకుని అప్పు కొంతైనా కరిగించమంటున్నాను.

బ్యాంకు క్యాషియర్, పార్వతీపురం వైపు

లోను తీసుకునే ముందు అప్పిచ్చినాయన్ని అడగండి. చాలామంది అసలు ముక్కలు ముక్కలుగా తీసుకోరు, ఒకేసారి ఇమ్మంటారు. తీసుకుంటే అదే రోజు ప్రోనోటు వెనక తేదీతో చెల్లు రాయించండి. నోటి మాట మీద కట్టొద్దు. మీ ఆవిడ పొదుపు సంఘంలో ఉంటే అక్కడ కూడా అడగండి, వడ్డీ రూపాయి లోపే పడుతుంది. బంగారం బ్యాంకులో పెట్టి ఈ అప్పు మార్చుకోమని మామూలుగా అయితే చెప్పేవాణ్ణి. దిద్దుల సంగతి చదివాక మీకు ఆ మాట చెప్పలేను.

విజయనగరం లెక్కలు

ఇరవై రోజుల తరవాత రాస్తున్నాను. అప్పిచ్చినాయన 25 వేలకి తక్కువైతే అసలులోకి తీసుకోనన్నారు. ఆర్డీ మీద లోను 26 వేలు వచ్చింది. అదే సాయంత్రం ఆయన ఇంటికి ఇద్దరం వెళ్లి కట్టాం. నోటు వెనక చెల్లు రాయించాం, మా ఆవిడ ఫోనులో ఫొటో కూడా తీసుకుంది. ఈ నెల నుంచి వడ్డీ 1,880. దసరాకి, సిరిమాను జాతరకి మా కొట్లో కాలు పెట్టడానికి చోటుండదు, అయ్యాక బోనసు ఇస్తారు. అది నేరుగా పోస్టాఫీసు లోనుకే.

మూడేళ్లు నిండాక ఆర్డీ మూయాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. తను వద్దనే అంటోంది, నేను మాస్టారి లెక్క చూపిస్తూనే ఉన్నాను. పది నెలల తరవాత మళ్లీ ఇక్కడికే వస్తాను.

లోను కాగితం మీద సంతకం పెట్టే ముందు తను ఒక షరతు పెట్టింది. ఇకనుంచి ఆర్డీ వాయిదా నేనే వెళ్లి కట్టి రావాలని. మొన్న 5వ తారీఖున వెళ్లి కట్టాను.