రేపే ప్రాజెక్టు ఇవ్వాలట! మీ ఇళ్లలో ఏమేం జరిగాయో చెప్పండి

రాత్రి డ్యూటీ నాన్న:
మా వాడు ఆరో తరగతి. అన్నం తిని, దుప్పటి ముసుగు పెట్టాక లోపల్నుంచి "నాన్నా, రేపు సైన్సు ప్రాజెక్టు ఇవ్వాలి" అన్నాడు. ఎప్పుడు చెప్పార్రా అంటే దసరా సెలవులకు ముందట. డైరీ తీస్తే నిజంగానే ఉంది. కింద నా సంతకం కూడా ఉంది.

సరే, నిమ్మకాయతో బల్బు వెలిగిద్దాం అనుకున్నాం. వీడియోలో ఒకాయన కాయకి ఓ మేకు, ఓ రాగి ముక్క గుచ్చాడు, లైటు వెలిగింది, అంతే. ఇంట్లో రాగిది ఏముందా అని వెతికితే దేవుడి గూట్లో ఉద్ధరిణి కనిపించింది. దాని కాడ నిమ్మకాయలోకి దింపి, టార్చిలైటు బల్బు తగిలించాం. వెలగలేదు. కాయ చిన్నదేమోనని పెద్దది పెట్టాం. ఫ్రిజ్‌లోది కదా, చల్లగా ఉండి పని చెయ్యట్లేదేమోనని మా వాడు దాన్ని కాసేపు చంకలో పెట్టుకున్నాడు. ఈలోగా మా అమ్మ లేచి వచ్చి, "మీ నాన్నగారు సంధ్యావందనం చేసుకున్న ఉద్ధరిణిరా అది" అని లాక్కెళ్లిపోయింది. వాడు గుర్రు పెట్టాడు. నేను కూర్చుని చార్టు మీద నిమ్మకాయ, బల్బు గీసి, బల్బు చుట్టూ పసుపు స్కెచ్‌తో గీతలు కొట్టాను. చూడ్డానికి వెలిగినట్టే ఉంది.

అందరి ఇళ్లలోనూ ఇంతేనా, లేక మా వంశానికే సైన్సు పడదా?

కవలల అమ్మ:
మీరు నయం అన్నయ్యా. మా ఇద్దరికీ తడి దూది మీద గింజలు మొలకెత్తించమన్నారు. మా ఆయన ఎంతో శ్రద్ధగా రెండు గిన్నెల్లో దూది పరిచి, కిటికీ దగ్గర పెట్టి, ఆఫీసు నుంచి ఫోన్ చేసి మరీ నీళ్లు చల్లించారు. మొలక రాలేదు, కంపు వచ్చింది. వెళ్లి చూద్దును కదా, ఆయన వేసింది పెసరపప్పు! "పెసలే కదా" అంటారు. పొట్టు తీసి, బద్దలు చేశాక ఇంకెక్కడి మొలకండీ? ఎంటెక్ చదివారు, ఏమీ అనలేను.

ఇంత జరిగాక మా చిన్నది ఆ గిన్నె పారెయ్యనివ్వలేదు. పక్కనే ఇంకో గిన్నెలో పెసలు వేసి, "మా నాన్న వేసినవి, నేను వేసినవి" అని చీటీలు అంటించి బడికి పట్టుకెళ్లింది. ఆయన పరువు మొత్తం సెక్షన్‌కి తెలిసింది.

మిరపకాయ్ బజ్జీ:
థర్మాకోల్ ఉండలకి స్ప్రే పెయింట్ కొట్టకండి. మా గురుగ్రహం కళ్ల ముందే కుంచించుకుపోయి బుధుడంత అయింది. స్ప్రేలో ఉండే ద్రావకం థర్మాకోల్‌ని తినేస్తుందట. చెప్పులకు రాసే పసుపు గమ్ము కూడా అంతే. పోస్టర్ కలర్, ఫెవికాల్ చాలు. ఇంకోటి, నేను తొమ్మిది గ్రహాలు చేశాను. ప్లూటోని 2006లోనే ఆ లెక్కలోంచి తీసేశారని మా అమ్మాయి చల్లగా చెప్పింది. ప్రస్తుతం ప్లూటో మా టీవీ మీద ఉంటోంది.

పాత ఫ్యాను:
నాన్నగారూ, మీ వంశానికేం ఢోకా లేదు, బల్బుదే తప్పు. కరెంటు పని చేసి రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నా. జింకు పూత ఉన్న మేకు, రాగి పెడితే ఒక నిమ్మకాయకి సుమారు 0.9 వోల్టులు వస్తుంది, కానీ కరెంటు మహా అయితే ఒక మిల్లీ ఆంపియర్. టార్చి బల్బుకి వందల మిల్లీ ఆంపియర్లు కావాలి. గంపెడు కాయలు పెట్టినా అది వెలగదు. చిన్న ఎర్ర ఎల్ఈడీ తెచ్చుకోండి. దానికి దాదాపు 1.8 వోల్టులు కావాలి కాబట్టి నాలుగు కాయల్ని వరసగా కలపండి, ఒక కాయ రాగి నుంచి పక్క కాయ మేకుకి. ఎల్ఈడీ పొడుగు కాలు రాగి వైపు ఉండాలి. గదిలో లైటు ఆర్పి చూడండి, మిణుగురులా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఫ్యాను మోటారులోంచి పీకిన తీగ పెడతారు చాలామంది. దాని మీద వార్నిష్ పూత ఉంటుంది, చివర్లు బ్లేడుతో గీకకపోతే అసలేమీ రాదు. మా మనవడికి ఇది చెప్పకుండా వదిలేశాను. వాడు ఒక పూటంతా కొట్టుకుని, చివరికి తనే గీకాడు. మా కోడలు మాత్రం నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

డాలస్ పిన్ని:
ఇక్కడ సైన్స్ ఫెయిర్ అంటే మూడు మడతల బోర్డు, దాని మీద ముందు మన అంచనా రాయాలి. మా వాడు ఇడ్లీ పిండి ఎప్పుడు బాగా పొంగుతుందో చూస్తానన్నాడు. ఉప్పు ఎక్కువ వేస్తే తొందరగా పొంగుతుందని వాళ్ల నాన్న అంచనా. ఉప్పు మరీ ఎక్కువైతే పొంగదని మా అమ్మ వాట్సాప్‌లో మొత్తుకుంది, ఎవరూ వినలేదు. చలికాలం కదా, గిన్నెలన్నీ అవెన్‌లో పెట్టి లోపలి లైటు వేసి ఉంచాం. ఇక్కడ చలికాలంలో మనవాళ్లు చాలామంది చేసేదే. పొద్దున్నే ఆయన పిజ్జా కోసం అవెన్ ఆన్ చేశారు. లోపల ప్లాస్టిక్ గిన్నెలు. మిగతా కథ మీరే ఊహించుకోండి. వాడు కరిగిన గిన్నె ఫోటోనే బోర్డు మధ్యలో పెట్టి, కింద "మా ఇంట్లో అవెన్ వేసేముందు దాని తలుపు తీసి చూడాలి" అని రాశాడు. జడ్జి దగ్గర ఎక్కువసేపు నిలబడింది వాడే.

మలక్‌పేట మామ:
ఇంత కష్టం ఎందుకు? స్టేషనరీ షాపులో అగ్నిపర్వతం రెడీమేడ్‌గా దొరుకుతుంది.

ఓరుగల్లు టీచరమ్మ:
దొరుకుతుంది మామా, అందుకే మా క్లాసుకి ఒకే రోజు ఒకే రంగు అగ్నిపర్వతాలు వరసగా వస్తాయి. అమ్మానాన్నలు చేసినవి మేం చూడంగనే పోలుస్తం. కత్తిరింపు తిన్నగా ఉంటుంది, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, పిల్లవాణ్ణి ఏమైనా అడిగితే తలుపు వైపు చూస్తాడు. పోయినేడు ఒక పిల్ల అగ్నిపర్వతం పొంగించనీకి ఇంట్ల వెనిగర్ లేదని వంటసోడా మీద చింతపండు పులుసు పోసింది. ఏదో కాస్త నురగ వచ్చింది, గదంతా చారు వాసన, చీమలు పట్టినయి. కానీ వెనిగర్‌లో, చింతపండులో పులుపు ఏం చేస్తుందో, తనకు బుడగలు ఎందుకు తక్కువ వచ్చాయో గడగడా చెప్పింది. నేను దానికే ఎక్కువ మార్కులు వేసిన. షాపు అగ్నిపర్వతం తెచ్చిన పిల్లగాని వాళ్ల డాడీ మాత్రం వచ్చి గొడవ పెట్టుకున్నడు, ఆయన మార్కులు తగ్గినయని.

కవలల అమ్మ:
"ఆయన మార్కులు"! ఇది మా ఆయనకి పంపిస్తున్నా.

పాత ఫ్యాను:
ఒక మాట మర్చిపోయాను. బల్బు వెలిగించేది కాయలో ఉన్న శక్తి కాదు, మేకు మీది జింకు రసంలో కరగడం వల్ల వచ్చేది. అందుకని ప్రయోగం అయ్యాక ఆ కాయలు వంటకి వాడకండి, పారెయ్యండి.

రాత్రి డ్యూటీ నాన్న:
అంకుల్, నిన్న మా ఇంట్లో పులిహోర. పైగా పక్కింటికి కూడా పంపాం.