సీడీ డ్రైవ్ వెనక ఉన్న రెండు పిన్నుల డిజిటల్ ఔట్‌ను ఆంప్లిఫయర్‌కు ఎట్ల కలపాలె?

ప్రశ్న (హన్మకొండ):
పాత డెస్క్‌టాప్, విండోస్ ఎక్స్‌పీ, ఐడీఈ (పాత తరం వెడల్పు పట్టీ కేబుల్) డీవీడీ డ్రైవ్. డ్రైవ్ వెనక నాలుగు పిన్నుల ఆడియో సాకెట్ పక్కన ఇంకో రెండు పిన్నులున్నయి, డి, జి అని రాసి ఉన్నది. నాలుగు పిన్నుల వైరు సౌండ్ కార్డుకు పెడితే పాటతోపాటు గుయ్యిమని హమ్ వస్తున్నది. ఆంప్లిఫయర్‌కు నారింజ రంగు కోయాక్సియల్ ఇన్‌పుట్ (వైరు మీద డిజిటల్ సౌండ్ తీసుకునే సాకెట్) ఉన్నది. ఆ రెండు పిన్నుల నుంచి సీదా ఆర్సీఏ వైరు (నడుమ పిన్ను, చుట్టూ రింగు ఉండే ప్లగ్గుది) లాగొచ్చా? డీవీడీ సినిమా 5.1 (ఆరు స్పీకర్ల) సౌండ్ కూడా అండ్లకెళ్లే వస్తదా?

జవాబు (వరంగల్):
సీదా లాగొద్దు అన్నా. ఆ పిన్నుల మీద వచ్చేది ఎస్పీడిఫ్ (ఒక పరికరం నుంచి ఇంకోదానికి డిజిటల్ ఆడియో పంపే పద్ధతి) సిగ్నలే, కాని 5 వోల్టుల లాజిక్ లెవెల్‌ల ఉంటది. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు కావాల్సింది అర వోల్టు, దాని లోడ్ 75 ఓమ్స్. 5 వోల్టులు 75 ఓమ్స్ మీదికి తోలాలంటే 60 మిల్లీ ఆంపియర్ల పైనే కావాలె. డ్రైవ్‌లోని చిన్న చిప్ అంత ఇయ్యలేదు. సిగ్నల్ కూలబడుతది, చిప్ కూడా పోవచ్చు.

కావాల్సినవి మూడే: 390 ఓమ్స్ రెసిస్టర్, 100 ఓమ్స్ రెసిస్టర్, 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్ (0.1 మైక్రోఫారడ్). డి పిన్ను నుంచి కెపాసిటర్, దాని తర్వాత వరుసలనే 390. దాని అవతలి కొస ఆర్సీఏ జాక్ మధ్య పిన్నుకు. 100 ఓమ్స్‌ది ఆ మధ్య పిన్నుకు, జాక్ బయటి రింగుకు నడుమ. జి పిన్ను బయటి రింగుకే. గిట్ల కడితే లోడ్ మీద సుమారు 0.5 వోల్టు నిలుస్తది, ఇటు దిక్కు ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) కూడా 80 ఓమ్స్ దగ్గర ఉంటది. 390 దొరకకపోతే 330 పెట్టు, 0.57 వోల్టు వస్తది, నడుస్తది.

ఏది జి అనేది అచ్చును నమ్మి వదిలెయ్యకు. పవర్ వైరు పీకి, మల్టీమీటర్ కంటిన్యుటీల పెట్టి ఒక కొస డ్రైవ్ ఇనుప డబ్బాకు తాకించు. బీప్ వచ్చిన పిన్నే జి.

కేబుల్‌కు డిష్ టీవీ వాళ్లు వాడే కోయాక్స్ మంచిది, అది 75 ఓమ్స్‌దే. మామూలు ఆడియో ఆర్సీఏ వైరు మీటరు లోపలయితే ఇబ్బంది పెట్టదు.

జవాబు (కరీంనగర్):
పైన చెప్పిన సర్క్యూట్ సరైందే. అయినా సౌండ్ రాకపోతే తప్పు చానామట్టుకు సోల్డరింగ్‌ల ఉండదు, ఎక్స్‌పీ సెట్టింగ్‌ల ఉంటది. డివైస్ మేనేజర్‌ల డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి, డిజిటల్ సీడీ ఆడియో ఎనేబుల్ అనే టిక్కు తీసెయ్యి. పేరు చూసి టిక్కు ఉండాలె అనుకుంటరు, అక్కడనే పొరపాటు. టిక్కు ఉంటే పాట ఐడీఈ కేబుల్ మీద డేటా లెక్క కంప్యూటర్‌లకు పోతది, వెనక పిన్నులు మూగగా ఉంటయి. టిక్కు తీస్తేనే డ్రైవ్ తనంతట తాను పాడుతది.

డ్రైవ్ ముందర హెడ్‌ఫోన్ జాక్ ఉంటే అండ్ల ఇయర్‌ఫోన్ పెట్టి చూడు. అండ్ల పాట వినిపిస్తే టిక్కు సంగతి అయిపోయినట్టే, ఇగ వైరింగ్ వెతుకు.

సినిమా 5.1 మాత్రం అండ్లకెళ్లి రాదు. ఆ పిన్నుల మీదికి ఆడియో సీడీ స్టీరియో ఒక్కటే వస్తది, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. ఎంపీ3 డిస్క్ కూడా రాదు. సినిమాకు సౌండ్ కార్డు ఎస్పీడిఫ్ ఔట్ వాడాలె.

ప్రశ్న అడిగినాయన:
టిక్కు తీస్తే హెడ్‌ఫోన్‌ల పాట వచ్చింది. మదర్‌బోర్డు మీద ఎస్పీడిఫ్ అని మూడు పిన్నుల హెడర్ ఉన్నది. డ్రైవ్ వైరు దానికే పెడితే రెసిస్టర్ల పని తప్పుతదా?

జవాబు (వరంగల్):
దాని పక్కన ఔట్ అని ఉందేమో చూడు. చాలా బోర్డుల మీద అది ఔటే. రెండు ఔట్‌లు ఎదురెదురు కలపొద్దు. పైగా ఆ మూడిట్ల ఒక పిన్ను మీద 5 వోల్టుల సప్లయ్ ఉంటది, రెండు పిన్నుల సాకెట్ ఒక గడి జరిగి దిగితే ఆ సప్లయ్ సీదా జి మీద షార్ట్ అయితది.

ఇంకొకటి, ఇది ముఖ్యం. మన దిక్కు చానా ఇండ్లల్ల ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ సరిగ ఉండదు. టెస్టర్ క్యాబినెట్‌కు పెడితే వెలుగుతది, చెయ్యి పెడితే జివ్వుమంటది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లయ్) ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి డబ్బా మీదికి 110 వోల్టుల దాకా లీకేజీ వస్తది. ఆర్సీఏ ప్లగ్‌ల మధ్య పిన్ను ముందు తాకుతది, రింగు తర్వాత. ఆ క్షణంల లీకేజీ అంతా ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ చిప్ మీద పడుతది. అందుకే రెండిటి ప్లగ్గులు గోడ నుంచి పీకినంకనే వైరు పెట్టు, ముందుగాల ఎర్తింగ్ బాగుచేయించు.

ఆంప్లిఫయర్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్ (వెలుతురు రూపంల సిగ్నల్ తీసుకునేది) కూడా ఉంటే అదే మేలు. 5 వోల్టుల ఆప్టికల్ ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్ డ్రైవ్ లెవెల్‌ను ఉన్నదున్నట్టు తీసుకుంటది, రెసిస్టర్ల డివైడర్ అక్కర్లేదు. మాడ్యూల్‌కు సప్లయ్ డ్రైవ్ పవర్ ప్లగ్ నుంచి తీసుకో: ఎర్ర వైరు 5 వోల్టులు, నల్లది గ్రౌండ్. పసుపుది 12, దాన్ని ముట్టకు. సప్లయ్ పిన్నుల నడుమ ఒక 104 పెట్టు. నడుమ రాగి తీగ ఉండదు కాబట్టి లీకేజీ అవతలికి పోదు, గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల గ్రౌండ్‌లు కలిసి) హమ్ కూడా ఉండదు. మాడ్యూళ్లు కోఠి గుజరాతీ గల్లీల అడిగి చూడు, 3.3 వోల్టులది ఇస్తే తీసుకోకు.