లామినేట్ ఫ్లోరింగ్ అతుకులు లేస్తున్నాయి, రోజూ తడిబట్ట పెట్టొచ్చా?

కొండాపూర్_అద్దెఇల్లు:
అందరికీ నమస్కారం. కొండాపూర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. హాల్లో టైల్సే, బెడ్‌రూముల్లో మాత్రం ఓనర్లు చెక్క రంగు లామినేట్ వేయించారు. మా ఇంట్లో పనిచేసే అక్క హాలు తుడిచిన ఫినాయిల్ నీళ్లతోనే బెడ్‌రూములూ తుడుస్తుంది. ఇప్పుడు కిటికీ వైపు పలకల అతుకులు లేచి కాలికి తగులుతున్నాయి. సాయంత్రం ఎండ పడితే నేలంతా తెల్లటి మసక, పాదాల గుర్తులు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తారేమోనని టెన్షన్. ఉబ్బింది మళ్లీ అణుగుతుందా? అసలు దీన్ని ఎలా తుడవాలి? దేవుడి గూడు కూడా ఆ గదిలోనే ఉంది, దాని ముందు పసుపు మరక ఒకటి పడింది.

ఫ్లోరింగ్_మేస్త్రి:
మేడమ్, నేను ఈ ఫ్లోరింగులు వేసే పనిలోనే ఉన్నాను. ముందు లేచిన అతుకు మీద పాదం పెట్టి బరువు వేయండి. కిందికి దిగి, కాలు తీయగానే మళ్లీ లేచిందంటే గోడ దగ్గర వదలాల్సిన 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదల్లేదని అనుమానించాలి. వానాకాలం తేమకి పలకలు సాగుతాయి. జరగడానికి చోటు లేకపోతే మధ్యలో పైకి లేస్తాయి. స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే పట్టీ, తీసి పలకల అంచు కోస్తే చాలావరకు సర్దుకుంటుంది. అది వేసినవాళ్ల పనిలో లోపం, మీరు తుడిచినందుకు వచ్చింది కాదు. నొక్కినా కదలకుండా గట్టిగా ఉంటే మాత్రం పలక నీళ్లు తాగినట్టే.

లామినేట్ మీద కనిపించే చెక్క గీతలు కాగితం మీద అచ్చు. దాని పైన ఉన్న మెలమైన్ పొరలోంచి నీళ్లు దిగవు. కానీ లోపల ఉన్నది చెక్క నారను జిగురుతో ఒత్తిన హెచ్‌డీఎఫ్. అతుకు సందులోంచి తడి దిగితే అది ఉబ్బుతుంది, ఆరినా మునుపటిలా కాదు. రుద్ది చదును చేస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. పైపొర లేచిపోయి లోపలి గోధుమరంగు బయటపడుతుంది. పలకలు మార్చడమే దారి.

కిటికీ వైపే అంటున్నారు కాబట్టి జల్లు కొడుతోందేమో, ఏసీ పైపు కారుతోందేమో కూడా చూడండి. స్కర్టింగ్ కింది అంచు ఉబ్బి, గోడ రంగు పొక్కులు పొక్కులుగా లేస్తే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. అప్పుడు ఆ అక్కను ఒక్క మాట కూడా అనకండి.

ఇక తుడవడం. రోజూ మెత్తటి చీపురుతో ఊడిస్తే చాలు. గీతలు పడేది ఇసుక వల్లే, అందుకే గుమ్మం దగ్గర పట్ట తప్పనిసరి. వారానికోసారి మైక్రోఫైబర్ మాప్‌ను చుక్క కారకుండా పిండి తుడవండి. తుడిచిన చోటు ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి, ఆరలేదంటే తడి ఎక్కువైనట్టే. ఫినాయిల్ వద్దు, సబ్బు నీళ్లూ వద్దు. మీకు కనిపించే మసక చాలావరకు ఆ జిడ్డే. గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో కొంచెం కొంచెంగా తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయండి. స్టీమ్ మాప్ జోలికి వెళ్లొద్దు. పసుపు మరకకి సర్జికల్ స్పిరిట్ గుడ్డకి అద్ది, దీపం ఆర్పేసిన తర్వాత, ముందు మంచం కింద ఒక మూల పెట్టి చూసి అప్పుడు రుద్దండి.

ఎడిసన్_న్యూజెర్సీ:
మాది అసలు ఓక్ చెక్క నేల, పాత ఇల్లు. చలికాలం హీటర్ వేస్తే పలకల మధ్య సందులు పడుతున్నాయి. పూడ్పించమంటారా? స్పిరిట్ మాకూ పనికొస్తుందా?

ఫ్లోరింగ్_మేస్త్రి:
అన్నా, పూడ్పించొద్దు. వేసవిలో చెక్క మళ్లీ సాగినప్పుడు సందులు చాలావరకు మూసుకుంటాయి, సందుల్లో నింపిన పుట్టీ బయటికి వచ్చేస్తుంది. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేలా హ్యూమిడిఫయర్ పెట్టుకోండి. స్పిరిట్ లామినేట్‌కి చెప్పాను, అసలు చెక్క మీద పాలిష్‌ని పాడుచేయొచ్చు. ఎక్కువగా నడిచే చోట ఒక నీటిచుక్క వేసి చూడండి. ముత్యంలా నిలిస్తే పాలిష్ బాగున్నట్టు. చెక్కలోకి ఇంకి నల్లబడితే పైపూత అరిగిపోయింది. అక్కడిదాకా రాకముందే పైపైన గీకి కొత్త పూత వేయిస్తే, చెక్కను లోతుగా అరగదీయాల్సిన పని తప్పుతుంది.

కొండాపూర్_అద్దెఇల్లు:
చాలా థాంక్స్ అండి. నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. గోడ పొడిగా ఉంది, స్కర్టింగ్ బాగానే ఉంది. కిటికీ ట్రాక్ మూలలో మాత్రం మట్టి పేరుకుపోయి, నీళ్లు బయటికి పోయే రంధ్రం పూడుకుపోయింది. బెడ్‌రూములకి వేరే మాప్ కొన్నాను. ఎంత పిండాలో అక్కకి చేసి చూపించాను, పని తగ్గిందని ఆవిడకీ బాగానే ఉంది. మరి అదే డిజైన్ పలకలు ఎక్కడ దొరుకుతాయి?

ఫ్లోరింగ్_మేస్త్రి:
ముందు ఆ రంధ్రం శుభ్రం చేసి, ఒక గట్టి వాన చూశాకే పలకలు మార్చండి. ఇవి ఒకదానికొకటి గాడిలో క్లిక్ అయి కూర్చునేవి, మేకులు ఉండవు. కిటికీ గోడ వైపు నుంచి విప్పుకుంటూ వస్తే ఉబ్బినవి తీసి కొత్తవి వేయొచ్చు. చాలామంది ఓనర్లు మిగిలిన పెట్టె అటక మీద పడేసి ఉంచుతారు, ముందు వాళ్లని అడగండి. పెట్టె మీద డిజైన్ కోడ్, మందం రాసి ఉంటాయి. 8 మిల్లీమీటర్ల నేలలో 12 మిల్లీమీటర్ల పలక కూర్చోదు. కంపెనీ మారినా గాడి చాలావరకు కలవదు. ఆ కోడ్ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.