స్కీన్స్ ఉన్నప్పుడైనా పైరేట్స్ ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టరా?

పెన్‌హిల్స్_కిరణ్:

మన పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ (బంతి విసిరేవాడు) పాల్ స్కీన్స్‌కి ఈ ఏడాది (2025) నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు, అంటే బేస్‌బాల్‌లో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే అవార్డు వచ్చింది, ఒక్క ఓటు కూడా పక్కకు పోకుండా వచ్చింది. చాలా సంతోషంగా ఉంది, అదే సమయంలో కడుపు మండుతోంది కూడా. 187 ఇన్నింగ్స్‌కి పైగా వేసి, 216 స్ట్రైకౌట్లు తీసి, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక మ్యాచ్‌కి, సగటున ఇచ్చిన పరుగులు) 1.97 దగ్గర ఆపినవాడి గెలుపోటముల లెక్క ఎంతో తెలుసా? 10-10. ఎందుకంటే మన పైరేట్స్ ఈ సీజన్‌లో 30 జట్లలోకెల్లా తక్కువ పరుగులు చేశారు, హోమ్ రన్లు కూడా అందరికన్నా తక్కువే. ఆయన ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగు ఇస్తే అది కూడా ఓటమికి సరిపోయేది. చివరికి 71 గెలుపులు, 91 ఓటములు.

రీబిల్డ్ అన్నారు, అంటే ఉన్నవాళ్లని పంపేసి కుర్రాళ్లతో జట్టుని కొత్తగా కట్టడం, ఒప్పుకున్నాం. 2019 నవంబర్‌లో బెన్ చెరింగ్టన్ జనరల్ మేనేజర్‌గా వచ్చాక స్టార్లింగ్ మార్టేని పంపారు, జాష్ బెల్‌ని పంపారు, మస్‌గ్రోవ్‌ని, టయాన్‌ని పంపారు. మస్‌గ్రోవ్ పాడ్రేస్‌కి వెళ్లిన కొత్తలోనే ఆ క్లబ్ చరిత్రలో మొదటి నో-హిట్టర్ (అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. అప్పుడూ ఊరుకున్నాం, కుర్రాళ్లు వస్తారు, ఎదుగుతారు, అప్పుడు వాళ్ల చుట్టూ మంచివాళ్లని కొంటారు అనుకుని. 2021లో 101 ఓటములు, 2022లో 100 ఓటములు చూశాం. ఇప్పుడు కుర్రాళ్లు వచ్చేశారు. మరి కొనడం ఎప్పుడు? పోయిన చలికాలంలో తెచ్చినవాళ్లు టామీ ఫామ్, ఆండ్రూ హీనీ, ఆడమ్ ఫ్రేజియర్, అందరివీ ఒక్క ఏడాది ఒప్పందాలే.

స్కీన్స్ 2029 సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుకి వెళ్లిపోవచ్చు. మిగిలింది నాలుగు సీజన్లు, అంతే. ఇప్పుడు ఖర్చు పెట్టకపోతే ఇంకెప్పుడు పెడతారు? నాకు నిజంగా అర్థం కావట్లేదు, బేస్‌బాల్ లెక్కలు బాగా తెలిసినవాళ్లు చెప్పండి.


కొత్తగా_వచ్చా_నరేష్:

అన్నా, నేను ఆగస్టులో ఎమ్మెస్‌కి పిట్స్‌బర్గ్ వచ్చాను, రూమ్మేట్స్‌తో ఒక మ్యాచ్ చూశాను, ఆట ఇంకా సగమే అర్థమవుతోంది. ఒక డౌట్. ఐపీఎల్‌లో అందరికీ ఒకే పర్సు ఉంటుంది కదా, 2025 మెగా వేలంలో ఎవరికైనా 120 కోట్లే, పైగా కనీసం ఇంత ఖర్చు పెట్టాలని రూల్ కూడా ఉంది. ఇక్కడ అలాంటిదేమీ లేదా? ఓనర్ ఇష్టమేనా?


డల్లాస్_రవి:

నరేష్, లేదు. ఎన్ఎఫ్ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్) ఉంది, హాకీలో ఉంది, అంటే మీ ఊళ్లోనే స్టీలర్స్‌కీ పెంగ్విన్స్‌కీ జీతాలకి పై హద్దూ ఉంది, కింది హద్దూ ఉంది. బేస్‌బాల్‌లో రెండూ లేవు. 2025లో 241 మిలియన్ డాలర్లు దాటితే లగ్జరీ ట్యాక్స్ కట్టాలి, అంతే, కట్టగలిగినవాళ్లు కట్టుకుంటూ పోతారు. డాడ్జర్స్ ఓటానీకి 10 ఏళ్లకు 700 మిలియన్లు, మెట్స్ వాన్ సోటోకి 15 ఏళ్లకు 765 మిలియన్లు రాసిచ్చారు. పైరేట్స్ మొత్తం జట్టు జీతాలు 2025లో 100 మిలియన్ల లోపే.

కిరణ్ గారూ, మీ బాధ అర్థమైంది కానీ పక్కకి కూడా చూడండి. డాడ్జర్స్‌కి లోకల్ టీవీ ఒప్పందం ఒక్కటే 25 ఏళ్లకు 8 బిలియన్లకు పైన. పిట్స్‌బర్గ్‌లో మ్యాచ్‌లు చూపించే ఛానల్‌ని పాత ఓనర్లు 2023లో వదిలేసుకుంటే వేరే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. మా రేంజర్స్ 2021లో 102 ఓడిపోయి, ఆ వెంటనే సీగర్‌కి 325 మిలియన్లు, సీమియన్‌కి 175 మిలియన్లు ఇచ్చి 2023లో వరల్డ్ సిరీస్ కొట్టారు. కానీ డల్లాస్ మార్కెట్ ఎంతుందో మీకు తెలుసు కదా. అది చూపించి పిట్స్‌బర్గ్‌ని అలాగే చెయ్యమంటే ఎలా? పైగా డబ్బు పోసినంత మాత్రాన గెలుస్తారనీ లేదు, సోటోని కొన్న మెట్స్ ఈ ఏడాది ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు.


బక్స్‌ఫ్యాన్_సుధ:

రవి గారూ, చిన్న మార్కెట్ అనే మాట నేను పైరేట్స్ పాత స్టేడియం త్రీ రివర్స్ రోజుల నుంచి వింటున్నాను. పిట్స్‌బర్గ్‌ని డాడ్జర్స్‌లా ఖర్చు పెట్టమని ఇక్కడ ఎవరూ అడగట్లేదు, దయచేసి ఆ పోలిక వద్దు. మిల్వాకీతో పోల్చండి. మిల్వాకీ మాకన్నా చిన్న మార్కెట్, మా డివిజనే, ఈ సీజన్‌లో 97 గెలిచి మొత్తం లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు. వాళ్లు యెలిచ్‌కి 200 మిలియన్లకు పైన ఇచ్చి నిలబెట్టుకున్నారు, చూరియోకి ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ ఆడకముందే 82 మిలియన్లకు ఎనిమిదేళ్లు రాసిచ్చారు. అంటే కుర్రాళ్లని తయారుచేసే పనీ చేశారు, డబ్బు పెట్టాల్సిన చోట డబ్బూ పెట్టారు.

మావాళ్ల లెక్క చూడండి. పైరేట్స్ ఒక ఫ్రీ ఏజెంట్‌కి ఇచ్చిన అతి పెద్ద ఒప్పందం ఫ్రాన్సిస్కో లిరియానోకి ఇచ్చిన 39 మిలియన్లు, అది 2014 డిసెంబర్‌లో. పదకొండేళ్లు కావస్తోంది! ఆ తర్వాత 2016 డిసెంబర్‌లో ఇవాన్ నోవాకి మూడేళ్లకు 26 మిలియన్లు. అప్పటి నుంచి 2025 సీజన్ దాకా మేజర్ లీగ్ ఫ్రీ ఏజెంట్ ఎవరికీ ఒక ఏడాది మించి ఒప్పందం లేదు. అన్నీ నిజాయితీగా చెప్పాలి కాబట్టి ఇంకో వైపు కూడా చెప్తాను, సొంత ఆటగాళ్లకి కొంత ఇచ్చారు. బ్రయాన్ రెనాల్డ్స్‌కి 106.75 మిలియన్లు, మిచ్ కెల్లర్‌కి 77, కిబ్రయాన్ హేస్‌కి 70. కానీ హేస్‌ని ఈ జూలైలో సిన్సినాటికి పంపేశారు. అదే నెలలో డేవిడ్ బెడ్నార్‌ని యాంకీస్‌కి. బెడ్నార్ ఇక్కడి పిల్లవాడు, పక్కనే ఉన్న మార్స్ అనే ఊరి నుంచి వచ్చినవాడు, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అతను బుల్‌పెన్ (పిచర్లు వార్మప్ చేసే చోటు) నుంచి వస్తుంటే స్టేడియం మొత్తం లేచి నిలబడేది.

ఇక డబ్బు లేదు అనే మాట. ప్రతి జట్టూ తన స్థానిక ఆదాయంలో 48 శాతం ఒక కుండలో వేస్తుంది, అది 30 జట్లకూ సమానంగా పంచుతారు, అంటే లాస్ ఏంజిలిస్, న్యూయార్క్ డబ్బు కొంత పిట్స్‌బర్గ్‌కి వస్తుంది. దేశమంతటి టీవీ ఒప్పందాల డబ్బు వేరే. ఆ పంచిన డబ్బు జట్టు ఆట మెరుగుపరచడానికే వాడాలని ఒప్పందంలో రాసి ఉంది. అలా వాడట్లేదని 2018లో ఆటగాళ్ల యూనియన్ నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేసింది, అందులో పైరేట్స్ ఒకరు. నేనేదో అభిమానంతో అంటున్న మాట కాదు ఇది, యూనియన్ కాగితం మీద పెట్టిన ఆరోపణ.

ఇంకొకటి. పైరేట్స్ ఆడే పీఎన్‌సీ పార్క్ ఎక్కువ భాగం ప్రజల సొమ్ముతో కట్టినది. 1997లో సేల్స్ ట్యాక్స్ పెంచుదామంటే ఓటర్లు వద్దన్నారు, అయినా ప్లాన్ బీ అని ఇంకో దారిలో ఆ డబ్బు తెచ్చారు. 2001లో తెరిచారు. ఎంత అందమైన స్టేడియమో నరేష్, నువ్వు చూశావుగా, అలెఘెనీ నది, దాని మీద పసుపు రంగు క్లెమెంటే వంతెన, వెనక డౌన్‌టౌన్ భవనాలు. మేం పన్ను కట్టింది అందులో మంచి ఆట చూడ్డానికి.


కేసీ_మూర్తి:

సుధ గారు మిల్వాకీ చెప్పారు, నేను మా కాన్సాస్ సిటీ సంగతి చెప్తాను, ఎందుకంటే కిరణ్ అడిగిన ప్రశ్నకి ఇదే దగ్గరి సమాధానం. 2023లో రాయల్స్ 106 ఓడిపోయారు. మార్కెట్ పిట్స్‌బర్గ్ లాంటిదే, గొప్పదేం కాదు. ఆ చలికాలంలోనే సెత్ లూగోని మూడేళ్లకి, మైకేల్ వాకాని రెండేళ్లకి తెచ్చారు, 2024 ఫిబ్రవరిలో బాబీ విట్ జూనియర్‌కి 11 ఏళ్లకు 288 మిలియన్లకు పైన ఒప్పందం. ఆ ఏడాదే 86 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు. నేను కౌఫ్‌మన్ స్టేడియంలో ఆ అక్టోబర్ మ్యాచ్‌కి ఉన్నాను, మా అబ్బాయి గొంతు రెండు రోజులు పోయింది అరిచి అరిచి.

విట్ ఒప్పందం వల్ల ఇంకో లాభం ఉంది. మీ ఫ్రాంచైజీ మొహంలాంటి ఆటగాడు ఇక్కడే ఉంటాడని తెలిశాక మిగతా ఫ్రీ ఏజెంట్లు కూడా మీ ఫోన్ ఎత్తుతారు. స్కీన్స్ విషయంలో పైరేట్స్ అది చెయ్యకపోతే, ఏ మంచి హిట్టర్ వస్తాడు చెప్పండి, 2029కి అంతా అయిపోతుందని వాడికీ తెలుసుగా.


డల్లాస్_రవి:

మూర్తి గారూ, విట్ షార్ట్‌స్టాప్, అంటే ఫీల్డర్, బ్యాటర్. స్కీన్స్ పిచర్. గంటకి వంద మైళ్లు విసిరే చేతికి పదేళ్ల గ్యారంటీ రాయడం చిన్న జట్టుకి పెద్ద రిస్క్, మోచేతి లిగమెంట్ ఒక్కసారి తెగితే ఏడాదిన్నర పోతుంది. అందుకని స్కీన్స్‌కి అంత ఇవ్వకపోవడాన్ని నేను తప్పు పట్టను. సుధ గారు చెప్పిన మిల్వాకీ పోలిక మాత్రం సరైనదే, దానికి నా దగ్గర జవాబు లేదు.


పెన్‌హిల్స్_కిరణ్:

రవి గారూ, స్కీన్స్‌కి పెద్ద ఒప్పందం ఇవ్వడం కష్టమని నేనూ ఒప్పుకుంటాను. నా కోపం దాని మీద కాదు. ఈ సీజన్‌లో ఆయన జీతం 875 వేల డాలర్లు, మిలియన్ కూడా లేదు. ప్రపంచంలోనే అత్యుత్తమ పిచర్ అంత చవకగా దొరికిన కాలంలో మిగిలిన డబ్బు హిట్టర్ల మీద పెట్టొచ్చు కదా! మామూలుగా ఒక ఏస్‌కి ఏడాదికి 35, 40 మిలియన్లు పోయాలి. ఆ మిగులు ఎక్కడికి పోయింది? వచ్చే సీజన్ తర్వాత ఆయన ఆర్బిట్రేషన్‌లోకి (జీతంపై ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తులు తేల్చే పద్ధతి) వెళ్తాడు, అప్పటి నుంచి ఏటా జీతం ఎగబాకుతుంది, అప్పుడు స్కీన్స్‌కే ఇంత పోతోంది ఇంకెవరిని కొంటాం అంటారు చూడండి.

2013 గుర్తు చేసుకోండి. అంతకుముందు 1993 నుంచి 2012 దాకా వరసగా 20 ఓటమి సీజన్లు. ఆ 20 ఏళ్లని ముగించిన జట్టులో మకచన్ ఉన్నాడు, కోల్ ఉన్నాడు, అది నిజమే, కానీ రస్సెల్ మార్టిన్‌ని రెండేళ్లకు 17 మిలియన్లిచ్చి బయటి నుంచే తెచ్చారు. వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో (ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్) అవతలి జట్టు పిచర్ పేరు పట్టుకుని క్వేటో, క్వేటో అని స్టేడియం అంతా అరుస్తుంటే అతని చేతిలోంచి బంతి జారింది, తర్వాతి బంతికే హోమ్ రన్ కొట్టింది ఆ మార్టినే. 17 మిలియన్లు! అంత చిన్న డబ్బుతో ఈ ఊరు ఇప్పటికీ మాట్లాడుకునే రాత్రి వచ్చింది. 2015లో 98 గెలిచారు. ఆ తర్వాత 2018 జనవరిలో కోల్‌నీ మకచన్‌నీ ఒకే వారంలో పంపేశారు, అప్పటి నుంచి ఇదే కథ. ఈ ఏప్రిల్‌లో యాంకీస్‌తో హోమ్ ఓపెనర్ రోజున జనం సెల్ ద టీమ్ (జట్టుని అమ్మేయ్) అని అరిచారు, పైన విమానం కూడా అదే బ్యానర్ కట్టుకుని తిరిగింది. అరిచినవాళ్లంతా జట్టుని ప్రేమించేవాళ్లే.


బక్స్‌ఫ్యాన్_సుధ:

కిరణ్, ఆ నెల మొత్తం అలాగే నడిచింది. స్టేడియం కుడివైపు గోడ మీద పాత పైరేట్స్ ఆటగాడు రాబర్టో క్లెమెంటే 21 గుర్తు తీసేసి ప్రకటన పెట్టారు. ఆ గోడ ఎత్తు 21 అడుగులు పెట్టిందే ఆయన నంబర్ కోసం. భూకంప బాధితులకి సామాను తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమాన ప్రమాదంలో చనిపోయిన మనిషి ఆయన, ఆ గుర్తుని ఎవరైనా అలా తీస్తారా? కుటుంబం బాధపడింది, జనం మండిపడ్డారు, తిరిగి పెట్టారు. తర్వాత స్టేడియం కట్టినప్పుడు అభిమానులు డబ్బు కట్టి పేర్లు చెక్కించుకున్న ఇటుకలు రీసైక్లింగ్ యార్డులో గుట్టగా కనిపించాయి. చనిపోయిన నాన్నల పేర్లు, తాతల పేర్లు ఉన్నాయి వాటి మీద. ఒక ఆటగాడిని కొనకపోవడం వేరు, ఇది వేరు, నాకు ఇదే ఎక్కువ నొప్పి.

2026 డిసెంబర్ 1తో లీగ్‌కీ యూనియన్‌కీ మధ్య ఒప్పందం ముగుస్తుంది. ఓనర్లు జీతాలకి పై హద్దు అడుగుతారు, యూనియన్ ఒప్పుకోదు, 1994లో ఆ గొడవకే వరల్డ్ సిరీస్ రద్దయింది. నా అభిప్రాయం, పై హద్దు పెడితే కింది హద్దు కూడా గట్టిగా పెట్టాలి. కింది హద్దు లేకుండా పై హద్దు వస్తే మా ఓనర్‌కి ఇంకా సుఖం, అంతే.


కొత్తగా_వచ్చా_నరేష్:

అన్నీ చదివాను, థాంక్యూ. మరి ఈ చలికాలం ఏం జరిగితే వీళ్లు మారారని అనుకోవచ్చు? నేనిప్పుడే ఈ జట్టుని పట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నా.


పెన్‌హిల్స్_కిరణ్:

తప్పకుండా పట్టుకో తమ్ముడూ. స్కీన్స్ ఉన్నాడు, ఆగస్టులో వచ్చిన బబ్బా చాండ్లర్ ఉన్నాడు, కింద కానర్ గ్రిఫిన్ అని 19 ఏళ్ల కుర్రాడు ఉన్నాడు, మైనర్ లీగ్స్‌లో అతన్నే నంబర్ వన్ అంటున్నారు. ఈ డిసెంబర్‌లో ఓర్లాండోలో వింటర్ మీటింగ్స్ (జట్లన్నీ కలిసి ఆటగాళ్ల ఒప్పందాలు మాట్లాడుకునే సమావేశాలు) ఉన్నాయి, అక్కడ చూడాల్సింది ఒక్కటే, ఏదో ఒక మంచి హిట్టర్‌కి రెండేళ్లో మూడేళ్లో ఒప్పందం రాస్తారా లేదా. రాస్తే ఏప్రిల్‌లో మా ఇంటి నుంచి అందరం కలిసి వెళ్దాం, స్కీన్స్ వేసే రోజు చూసుకుని టికెట్లు నేనే తీస్తాను. రాయకపోయినా వెళ్దాం, కానీ అప్పుడు నేనూ ఆ అరిచేవాళ్లలో ఉంటాను.