కేదార్‌నాథ్‌కు అమ్మను ఎక్కించాల్సింది గుర్రమా, కంచరగాడిదా? అసలు ఎక్కించొచ్చా?

కేఆర్‌పురం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మే నెలలో బెంగళూరు నుంచి మా అమ్మను కేదార్‌నాథ్ తీసుకెళ్తున్నా. అమ్మకు 66 ఏళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి. గౌరీకుండ్ నుంచి పైకి సుమారు 16 కిలోమీటర్లు ఎక్కాలి. హెలికాప్టర్ టికెట్లు దొరకలేదు. నిన్న మా అపార్ట్‌మెంట్ కింద ఈ మాటొస్తే రెండు పార్టీలయ్యాయి. ఒకాయన "కంచరగాడిద వద్దు, మొండిది. లోయ అంచున ఆగిందంటే ఇక కదలదు. గుర్రమే అడుగు" అన్నాడు. ఇంకొకాయన "గుర్రం సుకుమారం, దారిలో పడిపోతే ఆ ఉసురు నీకే. కంచరం రాయి లాంటిది, దానికేం కాదు" అన్నాడు. 2025 మేలో అక్కడ రెండు రోజుల్లో 14 జంతువులు చనిపోతే 24 గంటల పాటు సవారీలు ఆపేశారని చదివాను. అప్పటి నుంచి నాకు అసలు ఎక్కించాలా అనే సందేహం పట్టుకుంది. తెలిసినవాళ్ళు చెప్పండి. పాపపుణ్యాల గొడవ మాత్రం పెట్టకండి, అది ఇంట్లో ఎలాగూ నడుస్తోంది.

బందరు లడ్డూ:
రెండో ఆయనే కరెక్టు బ్రదర్. తండ్రి గాడిద, తల్లి గుర్రం. సైజు తల్లిది, ఓర్పు తండ్రిది. బరువు మోయడానికే మనుషులు కావాలని పుట్టించుకున్న జాతి అది. చట్టమే చెప్తోంది చూడండి. బరువు మోసే పశువుల గురించి 1965లో కేంద్రం చేసిన నియమాల్లో పోనీకి, అంటే పొట్టి గుర్రానికి, 70 కిలోలు, గాడిదకు 50, కంచరగాడిదకు 200 కిలోలు. మీ అమ్మగారు ఎంత ఉంటారు, 60, 65? దానికి అదో బరువా?

హెబ్బాళ్ డాక్టరమ్మ:
లడ్డూ గారూ, 200 అని ఉన్న మాట నిజమే. అవే నియమాల్లో రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదనీ, ఏకబిగిన 5 గంటలు దాటకూడదనీ కూడా ఉంది. మీరు 200 దగ్గరే చదవడం ఆపేశారు.

నేను పశువైద్యురాలిని, ఇక్కడ హెబ్బాళ్ కాలేజీలోనే చదివాను. "దానికేం కాదు" అన్న మాట మీదే నాకు గొడవ. గుర్రానికి కడుపునొప్పి వస్తే వీధంతా తెలుస్తుంది. కాలితో నేల తవ్వుతుంది, పదే పదే తన డొక్క వైపు చూసుకుంటుంది, పడి దొర్లుతుంది, చెమటతో తడిసిపోతుంది. అదే నొప్పి కంచరానికొస్తే తల కాస్త వాలుస్తుంది. మేతలో మూతి పెడుతుంది కానీ నమలదు. అంతే. గాడిద వైపు నుంచి వచ్చిన గుణం అది. ఒకసారి ఉత్తరాదిలో ఇటుక బట్టీల దగ్గర క్యాంపుకెళ్తే, ఒకాయన "నిన్నటి నుంచి కొంచెం డల్‌గా ఉందండీ" అని ఓ కంచరాన్ని తోలుకొచ్చాడు. సాయంత్రానికి అది పోయింది. ఆయనేం అబద్ధం ఆడలేదు, ఆయనకు కనబడింది అంతే.

మందుల లెక్క కూడా వేరే. గుర్రానికిచ్చే మోతాదులో మత్తిస్తే కంచరానికి చాలదు. కొన్ని నొప్పి మందులు దాని ఒంట్లో త్వరగా ఖర్చైపోతాయి. గుర్రం లెక్కన వైద్యం చేస్తే సగం వైద్యమే. కాబట్టి రెండింటిలో ఎక్కువ బాధపడేది కంచరమేనని నా అభిప్రాయం. నన్నడిగితే ఆ దారిలో దేన్నీ ఎక్కొద్దు.

నెలమంగళ సవారీ:
అందరూ కంచరం మీద పడ్డారు, మరి గుర్రం సంగతో? రేసుల నుంచి తీసేసిన రెండు గుర్రాలను నెలమంగళ వైపు పెట్టుకుని సాకుతున్నాను, అందుకే అడుగుతున్నా. గుర్రానికి భయమేస్తే దానికి తెలిసిన విద్య ఒక్కటే, పరుగు. మూరెడు దారి, పక్కన లోయ, పైన హెలికాప్టర్ మోత. అక్కడ పరిగెత్తడానికి చోటేది? కంచరం భయపడితే నిలబడిపోతుంది, చూస్తుంది, ఆలోచిస్తుంది. దాన్నే మనం మొండితనం అంటున్నాం. ఇంకో సంగతి. గుర్రం మాట వింటుంది, దాని ఖర్మ అదే. ఊపిరందకపోయినా మనిషి అదిలిస్తే ఇంకో వంపు ఎక్కుతుంది, ఆ తర్వాత కూలబడుతుంది. కంచరం "నా వల్ల కాదు" అని చెప్తుంది. డాక్టర్ గారూ, నొప్పి దాచేది కంచరమే కావచ్చు, కానీ పనికి ఎదురు చెప్పలేనిది గుర్రం. బాధ ఎవరిదెక్కువో అంత తేలిగ్గా ఎలా తేలుస్తాం?

అశ్వతరం:
పేరు చూశారుగా, ఈ చర్చ నాకోసమే పెట్టినట్టుంది. సంస్కృతంలో కంచరగాడిదను అశ్వతరం అంటారు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62, కంచరానికి 63. తల్లి వైపువీ తండ్రి వైపువీ సరిగ్గా జత కుదరవు కాబట్టే దాదాపు ఎప్పుడూ ఈనదు. మొండిది, మొద్దుది అనేవాళ్ళకు ఒక మాట. 2008లో బ్రిటన్‌లో ఆరేసి కంచరాలకు, పోనీలకు, గాడిదలకు బొమ్మల జతల్లో సరైనదాన్ని ఎంచుకోవడం నేర్పి చూస్తే, తల్లి జాతినీ తండ్రి జాతినీ మించి నేర్చుకున్నవి కంచరాలే.

బందరు లడ్డూ:
అయితే ఇంకా మంచిది కదా సార్! తెలివైనదైతే దాని ప్రాణం అదే చూసుకుంటుంది.

మదనపల్లి హవల్దార్:
అప్పా లడ్డూ, అదే కదా చిక్కు. అది చూసుకుంటాది, మనం చూసుకోనిస్తామా అని.

నేను ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సరుకులు చేరేసే విభాగంలో, యానిమల్ ట్రాన్స్‌పోర్టులో 17 ఏండ్లు చేసి, ఇక్కడ ఆగరం సెంటర్ నుంచి రిటైరైనా. మొండిది అనే మాట ముందు తీసేయండి. రాత్రి పూట మంచులో ముందుకు పోదామని నేను ఎంత లాగినా ఒక ఖచ్చర్, కంచరాన్ని మేం అట్లే అంటాం, నాలుగు కాళ్ళూ పాతేసి నిలబడింది. బూతులు కూడా తిట్టినా. టార్చి వేసి చూస్తే దారి అంచు విరిగి కిందికి జారిపోయుంది. ఆ రోజు నుంచి అది ఆగితే నేనూ ఆగేవాణ్ణి. 1971 యుద్ధంలో పాకిస్తానోళ్ళకు చిక్కి, వీపు మీద మెషిన్‌గన్నూ తూటాలూ పెట్టుకోని మళ్ళా మన దిక్కు వచ్చేసిన పెడోంగి అనే ఖచ్చర్ ఉండె. 1992లో దానికి నీలం ముఖమల్ దుప్పటి కప్పి సన్మానం చేసినారు. అందరూ దేశభక్తి అంటారు. నాకు తెలిసినంతలో దానికి తన లైను, తన దాణా టైము, తన మనిషి గుర్తుండినాయి. అదేం తక్కువ కాదు.

ఇంక 200 కిలోల మాట. బ్రిటిషోళ్ళ కాలం నుంచీ పటాలంలో ఖచ్చర్ మీద మామూలు బరువు 160 పౌండ్లు, అంటే 72 కిలోలు అని లెక్క. కొండల్లో రోజూ పని చేయాల్సిన జంతువుకు ఆ లెక్క ఎందుకు పెట్టినారో ఆలోచించు. 200 ఒక్క పూట మోస్తాదేమో. నువ్వూ పెండ్లిలో ఒకసారి మూడు విస్తళ్ళు తింటావు, రోజూ తింటావా?

డాక్టరమ్మా, మీతో మాత్రం నాకు ఒక పేచీ. దేన్నీ ఎక్కొద్దు అంటే ఆ పొద్దు గిరాకీ లేనోడు ముందు కోసేది దాణానే. 2019 పశుగణనలో దేశంలో ఖచ్చర్లు 84 వేలు. 2012లో 2 లక్షల దగ్గర ఉండె. పని పోయిన జంతువును ఎవుడూ పెన్షనిచ్చి కూచోబెట్టడు.

హెబ్బాళ్ డాక్టరమ్మ:
హవల్దార్ గారూ, 72 కిలోల మాటకు దండం. కానీ మీ పటాలంలో దానికో డాక్టరు, ఓ లాడాలవాడు, తూచి పెట్టే దాణా, సెలవు ఉండేవి. యాత్రలో ఉన్నది ఆరు నెలల సీజను. అప్పు చేసి కొన్నవాడు రోజుకు రెండు ట్రిప్పులు తిప్పకపోతే వడ్డీ కట్టలేడు. వాడు క్రూరుడని నేను అనను. అది ఆగినప్పుడు మీరు ఆగారు. వాడి వెనక యాభై మంది యాత్రికులు "చలో చలో" అంటుంటే వాడు ఎలా ఆగుతాడు? కర్ర తీస్తాడు. రెండు సీజన్లు అలా గడిచాక ఆ కంచరం ఆగడమే మానేస్తుంది. అప్పుడు దానికీ గుర్రానికీ తేడా ఏముంది? ఎదురు చెప్పే గుణం పోతుంది, నొప్పి దాచే గుణం మిగులుతుంది.

దాణా కోస్తారన్న మాటకు నా దగ్గర మంచి జవాబు లేదు.

నెలమంగళ సవారీ:
ఈ మాటకు నేను ఒప్పుకుంటున్నాను. గుర్రాల్లోనూ ఇదే చూశాను, చెప్పీ చెప్పీ విసిగిపోయి మౌనమైపోయినవాటిని అందరూ "చాలా మంచి గుర్రం" అంటారు.

కేఆర్‌పురం కుర్రోడు:
అందరికీ థాంక్స్. కానీ నేను అడిగింది అలాగే ఉండిపోయింది. ఒకవేళ ఎక్కించక తప్పకపోతే ఏం చూడాలి?

మదనపల్లి హవల్దార్:
గుర్రమా ఖచ్చరా అని కాదు అబ్బోడా, ఆ ఒక్క జంతువును చూడు. కొండకైతే నా ఓటు ఖచ్చర్‌కే, గిట్ట సన్నం, గట్టి, అడుగు చూసి వేస్తాది. బేరం ఆడక ముందే జీను ఎత్తించి వీపు చూడు. వాసన వచ్చినా, తడి పుండు ఉన్నా వద్దను. దాని వీపు గుర్రం మాదిరి ఎత్తుగా ఉండదు, జీను ముందుకీ వెనక్కీ జారతాది, అందుకే తోక కింద పట్టీ ఉంటాది. ఆ పట్టీ కింద ఒరుసుకుపోయిందేమో చూడు. పది అడుగులు నడిపించమను, తల ఎగరేస్తా నడిస్తే కుంటు. నమోదు చేసి డాక్టరు చూసిన జంతువేనా అని అడుగు. ఆ పొద్దు అది ఒకసారి పైకి పోయొచ్చిందా అని కూడా అడుగు. వాడు చెప్పడు, కాళ్ళ మీద ఎండిన బురద చెప్తాది. వెనకాలా పక్కనా నిలబడొద్దు, ఖచ్చర్ పక్కకు కూడా తంతాది.

హెబ్బాళ్ డాక్టరమ్మ:
ముక్కు, కళ్ళు కారుతున్నా, దగ్గుతున్నా వద్దనండి. 2025లో అక్కడ గుర్రాల ఫ్లూ వచ్చింది. ఎక్కాక ప్రతి గంటకూ మీరే ఆపించి నీళ్ళు పట్టించండి. డబ్బులిచ్చేవాళ్ళు ఆపితే వాడూ ఆపుతాడు. ఎక్కొద్దనే నా మాట మారలేదు, కానీ ఎక్కేవాళ్ళు ఇలా ఎక్కితే బాగు.

బందరు లడ్డూ:
డోలీ ఉంది కదా బ్రదర్, నలుగురు మనుషులు మోస్తారు. ఈ గొడవే ఉండదు.

కేఆర్‌పురం కుర్రోడు:
అమ్మకు చెప్పా. "నలుగురి భుజాలెక్కేది ఒక్కసారే, దానికి ఇంకా టైముంది" అంది. రెండు రోజుల్లో ఎక్కి, మధ్యలో రాత్రి ఆగుదామని చివరికి ఒప్పుకుంది. ఇందాక ఈ పోస్టులన్నీ చదివి వినిపిస్తే ఒక్కటే అడిగింది: ఆ కంచరానికి బెల్లం పెట్టొచ్చా అని.

మదనపల్లి హవల్దార్:
పెట్టొచ్చు తల్లీ, చిన్న ముక్క. అరచెయ్యి బాగా చాపి పెట్టండి. వేళ్ళు ముడిస్తే బెల్లమేదో వేలేదో దానికి తెలీదు.